183వ రోజు

బాబు పుట్టినప్పుడు నాకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. రోజుల్లో చెబితే 182. ఆ రోజులన్నిటికీ జీతం ఈఎస్ఐ (కార్మికుల బీమా) వాళ్ళు నేరుగా నా బ్యాంకు ఖాతాలో వేశారు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి రాయబోయేదంతా సణుగుడులా ఉంటుంది. ఆడవాళ్ళ ఉద్యోగాల కోసం ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేననను. చేసింది. 182వ రోజు దాకా చేసింది.

183వ రోజు తెల్లవారుజామున నాలుగుకి లేచాను. ఎ షిఫ్టు ఆరింటికి. కంపెనీ బస్సు హైవే మీదకి ఐదుంబావుకి వస్తుంది. లావేరు మండలంలో మా ఊరి నుంచి హైవేకి మూడు కిలోమీటర్లు. మా ఆయన బండి మీద దింపేవాడు. సెలవులో నాలుగు వారాలు కాన్పుకి ముందే వాడేసుకున్నాను కాబట్టి ఆ రోజుకి బాబుకి ఐదు నెలలు. మా అత్తగారు కూలికి వెళ్ళే మనిషి. కూలి మానుకుని పిల్లాణ్ని చూస్తానంది. ఎన్నాళ్ళు చూస్తుందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పది గంటలయ్యేసరికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. పైన ఆప్రాన్ ఉండబట్టి సరిపోయింది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విడిగా విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇచ్చారు కూడా. బిడ్డ 22 కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఆ విరామంలో బాత్రూములోకి వెళ్ళి పాలు పిండేసి వచ్చేదాన్ని.

నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చాను. వరి ఊడ్పులు మొదలయ్యాయి, అత్తగారికి కూలి పిలుపులు వచ్చాయి. 2019లో రాజీనామా కాగితం ఇచ్చేశాను. కారణం అన్న చోట "స్వంత కారణాల వల్ల" అని రాశాను.

ఆ మాట గురించే ఈ వ్యాసమంతా.

నేను పనిచేసింది పైడిభీమవరం వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో. పేరు అనవసరం. 2013లో చేరి ఆరేళ్ళు చేశాను. టైమ్ ఆఫీసు అంటే తెలియనివాళ్ళకి: ఎవరు ఎన్నింటికి గేటు దాటారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎన్ని ఓటీ గంటలు, ఎవరి పేరు మస్టరులోంచి, అంటే హాజరు పట్టీలోంచి, తీసెయ్యాలి, ఇదీ మా పని. మగవాళ్ళు మానేస్తే కాగితం మీద రకరకాలుగా ఉండేది. వేరే కంపెనీలో జీతం ఎక్కువ, సూపర్‌వైజరుతో గొడవ, గల్ఫు వీసా వచ్చింది. ఆడవాళ్ళవి వరసపెట్టి తిరగేస్తే ఒకటే మాట. స్వంత కారణాలు. ఆ కాగితాలు ఫైలులో పెట్టింది నేనే. ఇంతమందికి ఒకే స్వంత కారణం ఎలా వస్తుందని ఆరేళ్ళలో ఒక్కసారీ అనుమానం రాలేదు నాకు. నా వంతు వచ్చాకే వచ్చింది.

చేరిన కొత్తలో మా ఆఫీసు పెద్దాయన ఒక లెక్క నేర్పాడు. "కంపెనీ రోలు మీద ఆడవాళ్ళు ముప్పై దాటకుండా చూసుకోమ్మా." రోలు అంటే కంపెనీ సొంత మనుషుల పట్టీ. ఎందుకండీ అంటే నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నేనే చదువుకున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 48వ సెక్షను. ఆడ కార్మికులు 30 మంది కన్నా ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో పసిపిల్లల కోసం గది పెట్టాలని అప్పటి రూలు. మొదట్లో ఆ అంకె 50 ఉండేది, 1976 సవరణలో 30కి దించారు. దించినవాళ్ళ ఉద్దేశం మంచిదే, ఇంకా ఎక్కువ ఫ్యాక్టరీల్లో గదులు వస్తాయనుకుని ఉంటారు. మా దగ్గర జరిగింది వేరు. మా రోలు మీద 29 మంది. మిగతా ఆడవాళ్ళు ఇద్దరు కాంట్రాక్టర్ల పేర్ల మీద, ఒకరి దగ్గర ఇరవై చిల్లర, ఇంకొకరి దగ్గర పద్దెనిమిది. అందరూ ఒకే గేటులోంచి వచ్చి ఒకే లైనులో నిలబడి ఒకే డబ్బాలు ప్యాక్ చేసేవాళ్ళు. కాంట్రాక్టు మనుషుల్ని కూడా కలిపే లెక్కపెట్టాలని చట్టం అంటుంది. మస్టరు అనదు.

ముప్పై ఒకటో పేరు రాస్తే ఖర్చు. ఇంతే సంగతి. ఆడమనిషి పేరు రాసినప్పుడే ఖర్చు మొదలయ్యేలా రూలు రాస్తే, ఆ పేరు రాయడం మానేస్తారు. యజమాని దుర్మార్గుడు కానక్కర్లేదు. మా పెద్దాయన దుర్మార్గుడు కాదు, నా పెళ్ళికి వచ్చి చీర పెట్టాడు.

2017లో ఈ అంకె మారింది. ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించి సెలవు 12 వారాల నుంచి 26 చేశారు, ఏప్రిల్ 1 నుంచి. జులై 1 నుంచి పిల్లల గది రూలు. ఈసారి ఆడవాళ్ళెంతమంది అని కాదు, మొత్తం ఉద్యోగులు 50 మంది ఉంటే చాలు, మగైనా ఆడైనా. చూడటానికి చిన్న మార్పు. కానీ నా దృష్టిలో గత యాభయ్యేళ్ళలో ఈ విషయంలో జరిగిన తెలివైన పనుల్లో ఇదొకటి. ఒక్క ఆడమనిషి లేకపోయినా గది పెట్టాల్సిందే అన్నప్పుడు ఆడవాళ్ళని ఆపి మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

కానీ అదే చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పాత తప్పే మళ్ళీ చేసింది. 26 వారాల జీతం ఎవరివ్వాలి? ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ ఇస్తుంది. లేనివాళ్ళకి యజమాని ఇవ్వాలి, పూర్తిగా, సొంత జేబులోంచి. ఈఎస్ఐకి జీతం పరిమితి ఉంది. 2017 జనవరిలో ఆ గీత నెలకి 21,000 రూపాయల దగ్గర గీశారు.

మా ఫ్యాక్టరీలో ఆ గీత ఎక్కడ పడిందో చెబుతాను. ప్యాకింగ్‌లో ఉన్నవాళ్ళందరూ గీతకి కిందే. వాళ్ళు సెలవు పెడితే కంపెనీకి పైసా ఖర్చు లేదు, ఎందుకంటే యజమాని వాటా మగవాళ్ళ జీతం మీదా ఆడవాళ్ళ జీతం మీదా ఒకటే. 2019 జులై నుంచి అది నూటికి మూడుంబావు, కార్మికుడిది ముప్పావలా. పురుడు పోసుకునేది ఎవరైనా డబ్బు అందరి దగ్గరా కొంచెం కొంచెం కట్టించుకున్నదే. గీతకి పైన ఉన్నవాళ్ళు క్వాలిటీ ల్యాబులో అమ్మాయిలు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, 24, 25 వేలకి చేరినవాళ్ళు. అందులో ఒకరు ప్రసూతి సెలవు పెడితే కంపెనీ మీద లక్షన్నర. ఆమె పనికి పెట్టిన తాత్కాలిక మనిషి జీతం అదనం.

2017 దాకా ల్యాబు ఇంటర్వ్యూలకి వచ్చినవాళ్ళ దరఖాస్తులు నా దగ్గరికి వచ్చేసరికి వాటి మీద మార్కులు ఉండేవి. ఆ తర్వాత మూలన పెన్సిలుతో ఇంకో రెండు అక్షరాలు కనబడటం మొదలైంది. పెళ్ళయిందా లేదా, అయితే పిల్లలున్నారా లేదా. పెళ్ళై ఏడాది లోపయితే ఆ కాగితం కిందికి పోయేది. ఇద్దరు పిల్లలున్నామెకి దారి సులువు. ఆమె ఇంక కనదు. నియామకంలో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది. పెన్సిలు రాతకి చట్టం ఏం చేస్తుంది, రబ్బరుతో చెరిపితే పోతుంది.

సెలవు తగ్గించాలని నేను అనడం లేదు. ఎవరైనా ఈ పేరా చదివి "చూశారా, ఎక్కువ సెలవిస్తే ఉద్యోగాలు పోతాయి" అని వాదిస్తారేమో, వాళ్ళకి ముందే దణ్ణం. సెలవు ఎంత అన్నది కాదు, బిల్లు ఎవరి పేరు మీద పోతోంది అన్నది అసలు సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒడంబడికలో ఇదే ఉంది: ప్రసూతి కాలపు జీతం భారం ఒక్క యజమాని మీద వెయ్యకూడదు, బీమా ద్వారానో ప్రభుత్వ నిధి నుంచో రావాలి అని. దాని అంకె కూడా 183 కావడం నాకు తమాషాగా అనిపిస్తుంది. ఆ ఒడంబడిక మీద మన దేశం సంతకం పెట్టలేదు. 2018 నవంబరులో కేంద్ర కార్మిక శాఖ ఒక ఆలోచన బయట పెట్టింది, 12 వారాలు దాటిన సెలవులో ఏడు వారాల జీతం కంపెనీలకి తిరిగి ఇస్తామని, అదీ జీతం 15,000 దాటనివాళ్ళ విషయంలో. నేను మానేసేదాకా మా అకౌంట్స్ వాళ్ళకి ఆ పేరుతో ఒక్క రూపాయి రాలేదు. వచ్చినా ల్యాబు అమ్మాయిలకి పనికొచ్చేది కాదు.

ఇది కొత్త కథేమీ కాదు. మా విజయనగరం వైపు వాళ్ళకి జూట్ మిల్లుల సంగతి తెలుసు. నెల్లిమర్లలో ఉంది, బొబ్బిలి వైపు, రాజాం వైపు ఉన్నాయి. గోగునార పండే నేల కాబట్టి వచ్చాయి. ఆ మిల్లులన్నిటికీ పెద్దన్న కలకత్తా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తా జూట్ మిల్లుల్లో ఐదుగురిలో దాదాపు ఒకరు ఆడవాళ్ళు. 1970లు వచ్చేసరికి నూటికి ఇద్దరో ముగ్గురో. మధ్యలో ఏం జరిగింది? కొత్త యంత్రాలు వచ్చాయి, రాత్రి పని నిషేధం గట్టిపడింది, ప్రసూతి చట్టాలు వచ్చాయి, యూనియన్లు మగవాళ్ళ ఉద్యోగాలు కాపాడుకున్నాయి. చట్టమొక్కటే చేసిందంటే అబద్ధం. కానీ మిల్లులో మనుషుల్ని తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ముందు ఎవరి పేరు కొట్టెయ్యాలో వెతుక్కునే అవసరం లేకుండా చట్టం చేసి పెట్టింది. ఖర్చు ఎవరి పేరు మీద రాసి ఉందో వాళ్ళది.

ఇప్పుడు రాత్రి సంగతి. ఇది మాత్రం నేను రోజూ కళ్ళారా చూసింది.

పాత ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళతో ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే పని చేయించాలి. రాష్ట్ర ప్రభుత్వం కొంత సడలించవచ్చు, అయినా రాత్రి 10 నుంచి ఉదయం 5 మధ్య మాత్రం కుదరదు. మెషీను 24 గంటలు తిరుగుతుంది. ఎ షిఫ్టు ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి పది, సి షిఫ్టు పది నుంచి ఆరు. ఒక మెషీనుకి నలుగురు ఆపరేటర్లు, వారం వారం మారుతుంటారు. ఆ నలుగురిలో ఒక ఆడమనిషి ఉంటే ఆమెకి ఎప్పుడూ ఎ షిఫ్టే. మిగతా ముగ్గురు బి, సి షిఫ్టుల్లోనే తిరగాలి. నిద్ర చాలక కళ్ళు ఎర్రబడిన మగవాళ్ళు మా కిటికీ దగ్గరికొచ్చి "మేమేం పాపం చేశాం మేడమ్" అనేవాళ్ళు. వాళ్ళ మాటలో అన్యాయం లేదు. అందుకని సూపర్‌వైజర్లు ఆడవాళ్ళని మెషీను మీద పెట్టడమే మానేశారు. ప్యాకింగు, లేబులు అతికించడం, ఊడవడం. మెషీను నేర్చుకోనివాళ్ళకి గ్రేడు పెరగదు, గ్రేడు లేకపోతే జీతం పెరగదు. పదేళ్ళు చేసిన ఆడమనిషికీ నిన్న చేరిన కుర్రాడికీ జీతంలో తేడా లేకుండా పోవడం నేను నా చేత్తో జీతాల పట్టీలో ఎక్కించాను.

కాబట్టి రాత్రి పని నిషేధం పోవడం నాకు సంతోషమే. మద్రాసు హైకోర్టు 2000లోనే ఆ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధం అంది. 2002లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అదే అంది. మస్టరు దాకా రావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆడవాళ్ళ రాత్రి పనికి ఒప్పుకుంది, అదే ఊపులో రోజుకి పని గంటలు 9 నుంచి 10 చేసింది. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. వాటిలో ఆడవాళ్ళు ఏ పనైనా చేయవచ్చు, వాళ్ళు ఒప్పుకుంటే రాత్రి కూడా చేయవచ్చు, యజమాని రక్షణ చూడాలి అని ఉంది.

రాత్రి పనికి అనుమతి ఇచ్చారు, బాగుంది. కానీ అదే చేత్తో పని గంటలు పెంచడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు. పది గంటల పని, మధ్యలో భోజనం, అటూ ఇటూ బస్సు రెండు గంటలు. పదమూడు గంటలు బయట. ఇది మగవాడికీ కష్టమే. కానీ మగవాడు ఇంటికొచ్చేసరికి అన్నం ఉడికి ఉంటుంది. రాత్రి తలుపు తెరిచి, పగలు గుమ్మం ఎత్తు పెంచారు.

"ఒప్పుకుంటే" అన్న మాట కూడా నాకు నమ్మకం లేని మాట. చేరిన రోజున పెట్టించుకునే పదకొండు సంతకాల్లో అదొకటి అవుతుంది. టైమ్ ఆఫీసులో ఆ సంతకాలు పెట్టించేది నేనే కాబట్టి చెబుతున్నాను, చదివి సంతకం పెట్టినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొత్త కోడ్‌లో ఇంకో సంగతి, కరెంటుతో నడిచే యూనిట్ ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పదిమంది చాలేది, ఇప్పుడు ఇరవై ఉండాలి. అంతకన్నా ఒక్కరు తగ్గినా అది ఫ్యాక్టరీ కాదు. పలాసలో జీడిపప్పు యూనిట్లు నడిపేవాళ్ళకి ఈ వాక్యం బాగా అర్థమవుతుంది.

పలాస అన్నాను కాబట్టి మా అమ్మ గురించి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ. అమ్మ జీడి పిక్కల పనికి వెళ్ళేది. పిక్కలు కాల్చేది, బాయిలరు దగ్గర ఉండేది మగవాళ్ళు. పిక్క కొట్టడం, పొట్టు తియ్యడం, గుండు వేరు బద్ద వేరు ఏరడం ఆడవాళ్ళు. కిలోల లెక్కన డబ్బు. జీడి సొన తగిలి అమ్మ వేళ్ళ కొసలు నల్లగా, బెరడులా ఉండేవి. చిన్నప్పుడు తల నిమిరితే గీరుకునేది. తెలిసినవాళ్ళింట్లో పెళ్ళికి వెళ్తే అమ్మ చేతులు పమిటలో దాచుకునేది.

ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు అమ్మ చూసింది నా చేతుల వంక. గ్లవుజులిస్తారా అని అడిగింది. నేను మానేశానని చెప్పినప్పుడు తిట్టింది. "నిన్ను షెడ్డులో ఉయ్యాల కట్టి పెంచినాను. పిక్క కొడుతుంటే కాలితో ఊపేదాన్ని. నీకు ఏసీ గది ఉన్నాది, గుంటణ్ని అట్టుకెల్లడానికేటి?" అంది. నాకు చాలా రోజులు ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే అమ్మ అన్నది నిజం. తక్కువ కూలి, కాలిపోయే చేతులు, అయినా పాతికేళ్ళు మానలేదు. మంచి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న నేను ఆరేళ్ళకే మానేశాను. షెడ్డు ఇంటికి రెండు వీధుల అవతల. ఫ్యాక్టరీ 22 కిలోమీటర్లు.

"మన ఆడవాళ్ళు పెళ్ళయ్యాక పని చెయ్యరు, ఇళ్ళల్లో ఒప్పుకోరు" అని టీవీల్లో చెబుతుంటారు. ఎవరి ఇళ్ళ గురించి చెబుతున్నారో తెలియదు. మా ఊళ్ళో ఫ్యాక్టరీ మానేసిన ఆడవాళ్ళలో ఊరికే కూర్చున్నది ఒక్కరూ లేరు. ఊడ్పులకి వెళ్తారు, ఉపాధి పనికి వెళ్తారు, మిషను కుడతారు, గేదెల్ని పెట్టుకుంటారు. నేను ఇంట్లో కూర్చుని రెండు షాపులకి జీఎస్‌టీ లెక్కలు చూస్తున్నాను. కేంద్రం లెక్కల్లో పదిహేనేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు 2017-18లో నూటికి 23.3, 2023-24కి 41.7. ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సొంత పని, వ్యవసాయం. అంటే మాలాంటి వాళ్ళమే. మేము పని మానలేదు, గేటు మానేశాం.

ఉపాధి హామీ చట్టం వచ్చిన 2005లోనే అందులో ఒక చక్కటి ముక్క రాశారు: పని దగ్గరికి ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు వస్తే, ఆ ఆడవాళ్ళలోనే ఒకరిని పిల్లల్ని చూడటానికి కూర్చోబెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలి. ఇది అన్ని చోట్లా జరిగిందని చెప్పను. కానీ రాసినవాళ్ళకి చెరువు గట్టు మీద పసిబిడ్డ ఉంటుందని తెలుసు. ఫ్యాక్టరీ చట్టం రాసినవాళ్ళకి బిడ్డ బస్సెక్కాలని తెలియలేదు.

మా ఫ్యాక్టరీ పిల్లల గది సంగతి చెప్పకుండా ఉండలేను. 2017లో పెట్టారు. క్యాంటీను పక్కన, తలుపు మీద నీలం రంగు బోర్డు. లోపల రెండు ఉయ్యాలలు, గోడ మీద ఏనుగు బొమ్మ, ఒక చెక్క గుర్రం. ఆ గుర్రాన్ని బొబ్బిలి నుంచి తెప్పించారని స్టోర్సు కుర్రాడు చెప్పాడు. తాళం నా సొరుగులో ఉండేది. ఏడాది తిరిగేసరికి గదిలో గ్లవుజుల అట్టపెట్టెలు చేరాయి. ఇన్‌స్పెక్షన్ అని ఫోను రాగానే పెట్టెలు క్యాంటీను వెనక్కి వెళ్ళేవి, నేను గుర్రం మీద దుమ్ము తుడిచేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఒకసారి తుడిచాను. తుడుస్తూ, మన పిల్లాడు దీని మీద ఎక్కుతాడు కాబోలు అనుకున్నాను.

గది వాడకపోవడానికి కంపెనీని మాత్రమే తప్పుపడితే నాకే తప్పనిపిస్తుంది. రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డని చూసిరావచ్చని చట్టం. కానీ ఐదు నెలల బిడ్డని తెల్లవారుజామున మూడు కిలోమీటర్లు బండి మీద, పందొమ్మిది కిలోమీటర్లు మందుల వాసన కొట్టే మనుషుల మధ్య బస్సులో ఏ తల్లి తీసుకెళ్తుంది? ఆ బస్సులో ఉద్యోగులు కానివాళ్ళని ఎక్కించకూడదని ఇన్సూరెన్సు రూలు. ఐదు నెలలవాడు ఉద్యోగి కాడు.

గది ఉండాల్సింది ఫ్యాక్టరీలో కాదు, ఊళ్ళో. మా ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. గోడలకి రంగులు, గుడ్లు, పాలు, అన్నీ ఉన్నాయి. ఆ టీచరు మా పిల్లాడికి రెండో తల్లి. కానీ పిల్లల్ని కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండాక. ఆ లోపు వాళ్ళకి సరుకులు ఇంటికిస్తారు. తెరిచేది పొద్దున్న తొమ్మిదికి, సాయంత్రం నాలుగింటికల్లా తాళం. ఎ షిఫ్టు మనిషి ఐదింటికి ఇల్లు కదలాలి. కేంద్రం పాల్నా (హిందీలో ఉయ్యాల) అనే పేరుతో అంగన్‌వాడీల్లోనే పిల్లల గదులు పెట్టే పథకం తెచ్చింది. సరైన దారి అదే. కాకపోతే అదీ రోజుకి ఏడున్నర గంటలే. ఎనిమిది గంటల షిఫ్టుకి, ఇప్పుడు పది గంటల షిఫ్టుకి, ఏడున్నర గంటల గది. ఈ రెండు లెక్కలూ రాసింది ప్రభుత్వాలే, వేరే వేరే గదుల్లో కూర్చుని.

ఎవరైనా నన్ను అడిగితే, ఫ్యాక్టరీల దగ్గర మనిషికింత అని వసూలు చేసి, మగా ఆడా తేడా లేకుండా, ఆ డబ్బుతో ఊళ్ళో అంగన్‌వాడీలో ఆరు నెలల బిడ్డ నుంచి చూసే ఇంకో ఆయాని పెట్టమంటాను. పొద్దున్న ఐదు నుంచి ఒకరు, మధ్యాహ్నం నుంచి ఇంకొకరు. వాళ్ళకి జీతం అనిపించుకునే జీతం ఇవ్వమంటాను. ఒక ఆడదాని ఉద్యోగం నిలబెట్టడానికి ఇంకో ఆడదాన్ని గౌరవవేతనం మీద నిలబెట్టడం నాకు నచ్చదు. మా అత్తగారికి అదీ లేదు.

తమిళనాడు గొప్ప గురించి కూడా వింటుంటాం. గొప్పే. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళలో నూటికి 43 మంది ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారని 2019-20 పరిశ్రమల సర్వే. 2024 ఆగస్టులో శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగల్‌లో ఫోన్లు తయారుచేసే ఆడవాళ్ళ కోసం 18,720 మంది పట్టే హాస్టలు తెరిచారు. మా ఊరి నుంచి కూడా నలుగురు అమ్మాయిలు అటు వెళ్ళారు. 2022లో అచ్యుతాపురం సెజ్‌లో ఒక బట్టల యూనిట్‌లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి విషవాయువు పీల్చి ఆడవాళ్ళు ఆసుపత్రుల పాలయ్యాక, దగ్గరని అక్కడికి పంపిన తల్లులే దూరమైనా ఫర్వాలేదన్నారు. హాస్టలు మంచిదే. కానీ అది పద్దెనిమిదేళ్ళ నుంచి ఇరవై మూడేళ్ళ దాకా పనికొచ్చే మంచి. పెళ్ళి కుదిరిన రోజున మంచం ఖాళీ చేస్తారు, ఆ మంచం మీదకి ఇంకో పద్దెనిమిదేళ్ళ పిల్ల వస్తుంది. సంఖ్య చెక్కు చెదరదు. మనుషులు మాత్రం మారిపోతుంటారు. ఇలా ఏటా కొత్తవాళ్ళతో నిండే లెక్కని ఆడవాళ్ళకి ఉపాధి కల్పన అంటే కాదనలేం, కానీ ఉద్యోగంలో నిలబెట్టడం అనలేం.

కేంద్రం 2025 ఆగస్టు 1 నుంచి ఇస్తున్న ఉపాధి ప్రోత్సాహకమూ ఇలాంటిదే. కొత్తగా ఒక మనిషిని పెట్టుకుంటే యజమానికి నెలకి 3,000 దాకా, తయారీ రంగంలో అయితే నాలుగేళ్ళ దాకా. ఆ మనిషి కనీసం ఆరు నెలలు ఉండాలి. మంచి డబ్బే. కానీ లెక్క తలల మీద. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చి ఏడాది దాటిన ప్రతి ఆడమనిషికీ ఇంత అని ఇచ్చి చూడండి. నా సొరుగులో తాళానికి అప్పుడు విలువ వచ్చేది.

ఫ్రీ బస్సు గురించి నాకు ఒక్క చెడ్డ మాట లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. మా అత్తగారు శ్రీకాకుళం ఆసుపత్రికి ఎవరినీ డబ్బులడక్కుండా వెళ్ళొస్తోంది. కానీ షిఫ్టుకి వెళ్ళాలంటే మాకు కావాల్సింది ఫ్రీ బస్సు కన్నా ముందు, ఉన్న బస్సు. మా ఊరికి మొదటి బస్సు ఏడున్నరకి. హైవే దాకా ఆటోకి ఇరవై రూపాయలు, తెల్లవారుజామున ఒక్కదానివే అయితే వంద. ఆటో ఫ్రీ కాదు.

పోయిన ఆదివారం మా చిన్నాన్న కూతురు వచ్చింది. డిగ్రీ అయింది, పెళ్ళై ఎనిమిది నెలలు. హైవే మీద ఒక ఫ్యాక్టరీలో సోమవారం చేరాలి, కాగితాలన్నీ ఒకసారి చూడమని తెచ్చింది. పదకొండు సంతకాలు. ఏడోది రాత్రి షిఫ్టుకి సమ్మతి పత్రం. "రవాణా సౌకర్యము యాజమాన్యము కల్పించును" అని ఉంది. ఎక్కడ నుంచి ఎక్కడికి అని అడిగాను. మెయిన్ గేటు నుంచి జంక్షన్ దాకా అని చెప్పారట. జంక్షన్ నుంచి వాళ్ళ ఊరు నాలుగు కిలోమీటర్లు, మధ్యలో జీడి తోట.

పెన్ను తీసి ఆ వాక్యం పక్కన ఖాళీలో "మా ఊరి వరకు" అని రాసి, అప్పుడు సంతకం పెట్టమన్నాను. పెన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు కాగితం వంకే చూసింది.

"ఇలా రాస్తే పనిలోకి తీసుకుంటారా అప్పా?"